గంజాయి దుకాణాలు: వైద్యానికి వేరు, వినోదానికి వేరు

ప్రభుత్వ లైసెన్సుతో గంజాయిని, దాని నుంచి తీసిన నూనెలను, బిళ్లలను, తినుబండారాలను బహిరంగంగా అమ్మే దుకాణాన్ని అమెరికాలో డిస్పెన్సరీ అంటారు. ఇవి రెండు రకాలు. డాక్టరు ధ్రువీకరణతో రోగిగా పేరు నమోదు చేయించుకున్నవారికే అమ్మేది ఒకటి. వయసు నిండిన ఎవరికైనా, ఎందుకని అడగకుండా అమ్మేది మరొకటి. మొదటిదాన్ని మెడికల్ డిస్పెన్సరీ అని, రెండోదాన్ని రిక్రియేషనల్ డిస్పెన్సరీ అని పిలుస్తున్నారు.

శ్రీ సత్యసాయి జిల్లా ముదిగుబ్బలో గానీ, ఆంధ్రప్రదేశ్‌లో మరోచోట గానీ ఈ రెంటిలో ఏదీ లేదు. అయినా ఇది ఈ ప్రాంతం వారికి పట్టని సంగతి కాదు. అనంతపురం–కదిరి రోడ్డు మీద ఉన్న ఈ మండల కేంద్రం నుంచి, చుట్టుపక్కల ధర్మవరం, పెనుకొండ, హిందూపురం నుంచి పిల్లలు చదువులకు బెంగళూరు వెళ్తున్నారు, అక్కడి నుంచి అమెరికా, కెనడా వెళ్తున్నారు. అక్కడ బోర్డు పెట్టి అమ్ముతున్న సరుకే ఇక్కడ జైలుకు పంపే సరుకు. ‘అమెరికాలో దాన్ని మందుగానే వాడుతున్నారు కదా’ అన్న మాట కాలేజీ కుర్రాళ్ల నోట తేలిగ్గా వస్తోంది. మందుగా వాడటానికి, మత్తుకోసం వాడటానికి మధ్య అమెరికా చట్టాలే ఎంత స్పష్టంగా గీత గీశాయో, ఆ గీత ఎక్కడెక్కడ చెరిగిపోయిందో తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా అనలేరు.

రెండు ప్రశ్నలు

రెండు దుకాణాల్లోనూ అమ్మేది ఒకే మొక్క. అందులో మత్తు కలిగించే ప్రధాన రసాయనం టీహెచ్‌సీ. మత్తు ఇవ్వనిది, మూర్ఛ వంటి జబ్బుల్లో పనికొచ్చేది సీబీడీ. తేడా సరుకులో కంటే గుమ్మం దగ్గర అడిగే ప్రశ్నలో ఉంది. మెడికల్ దుకాణంలో ‘నీ జబ్బేమిటి?’ అని అడుగుతారు. రిక్రియేషనల్ దుకాణంలో ‘నీ వయసెంత?’ అని అడుగుతారు. మిగతా తేడాలన్నీ ఈ రెండు ప్రశ్నల నుంచి పుట్టినవే.

మెడికల్ దుకాణంలో కొనాలంటే ముందు ఆ రాష్ట్రం గుర్తించిన జబ్బుల జాబితాలో రోగి జబ్బు ఉండాలి. క్యాన్సర్, మూర్ఛ, మల్టిపుల్ స్క్లెరోసిస్, హెచ్ఐవీ, దీర్ఘకాలిక నొప్పి వంటివి చాలా రాష్ట్రాల జాబితాల్లో ఉంటాయి. డాక్టరు పరీక్షించి ధ్రువపత్రం ఇస్తాడు. అది మందుల చీటీ కాదు. ఫెడరల్ (కేంద్ర) చట్టం గంజాయిని వైద్య ప్రయోజనం లేని పదార్థాల మొదటి జాబితాలో పెట్టినందువల్ల ఏ డాక్టరూ దాన్ని చీటీ మీద రాయలేడు, ‘వాడి చూడవచ్చు’ అని సిఫారసు మాత్రమే చేయగలడు. ఆ సిఫారసు చేసే హక్కు డాక్టరుకు ఉందని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2002లో కోనాంట్ వర్సెస్ వాల్టర్స్ కేసులో తేల్చింది. ధ్రువపత్రం అందాక రాష్ట్ర ఆరోగ్య శాఖ కార్డు ఇస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండినవారు సాధారణంగా సొంతంగా కొనుక్కోవచ్చు. చిన్నపిల్లలైతే తల్లో తండ్రో సంరక్షకులుగా నమోదై వారి తరఫున కొనాలి. కొలరాడోలో మైనరు రోగికి ఇద్దరు డాక్టర్ల ధ్రువీకరణ కావాలి.

రిక్రియేషనల్ దుకాణంలో ఇవేవీ లేవు. వీటిని అనుమతించిన అమెరికా రాష్ట్రాలన్నిటిలోనూ 21 ఏళ్లు నిండినట్టు ఫొటో గుర్తింపు కార్డు చూపితే చాలు. అయితే పన్ను భారం ఎక్కువ. కొలరాడోలో వినోదం కోసం కొన్న గంజాయి మీద 15 శాతం ప్రత్యేక అమ్మకపు పన్ను ఉంటుంది, దానికి ముందే టోకు దశలో మరో 15 శాతం ఎక్సైజ్ పడుతుంది. రోగి మీద పడే రాష్ట్ర పన్ను 2.9 శాతమే. కాలిఫోర్నియాలో రాష్ట్రం ఇచ్చిన రోగి గుర్తింపు కార్డు ఉన్నవారికి అమ్మకపు పన్ను మినహాయింపు ఉంది. రోజూ వాడే రోగికి ఈ తేడా చిన్నది కాదు.

మోతాదుల్లోనూ తేడా ఉంది. కాలిఫోర్నియాలో తినే పదార్థం సాధారణంగా ఒక మోతాదుకు 10 మిల్లీగ్రాములు, ఒక ప్యాకెట్టుకు 100 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ దాటకూడదు. చుక్కల మందులు, గొట్టం మాత్రల వంటి వాటిలో మాత్రం మామూలు కొనుగోలుదారుకు ప్యాకెట్టుకు 1000 మిల్లీగ్రాముల వరకు, రోగికి 2000 వరకు అనుమతి. ఇల్లినాయ్‌లో ఆ రాష్ట్రవాసి వినోదం కోసం 30 గ్రాముల గంజాయి ఉంచుకోవచ్చు, బయటి రాష్ట్రం నుంచి వచ్చినవారికి అందులో సగమే. కొన్ని రాష్ట్రాలు రోగుల దుకాణాన్ని మందుల దుకాణం వైపు మరికొంత జరిపాయి. కనెక్టికట్‌లో మెడికల్ డిస్పెన్సరీని ఫార్మసిస్టు నడపాలి. పెన్సిల్వేనియాలో డాక్టరో ఫార్మసిస్టో దుకాణానికి బాధ్యత వహించాలి. అక్కడ రోగి ఎండు పువ్వును వేడిచేసి ఆవిరి పీల్చవచ్చు గానీ కాల్చి పొగ తాగడానికి చట్టం ఒప్పుకోదు.

చాలాచోట్ల ఈ రెండూ ఒకే కప్పు కింద నడుస్తాయి: ఒక కౌంటరు రోగులకు, మరో కౌంటరు మిగతావారికి. సలహా చెప్పేది ఎక్కువ దుకాణాల్లో ‘బడ్‌టెండర్’ అనే అమ్మకపు ఉద్యోగే. మెడికల్ అన్న పేరున్నంత మాత్రాన ఆ దుకాణం మన ఊరి మెడికల్ షాపు లాంటిది కాదు. అక్కడి అరల్లోని సరుకుకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. పురుగుమందుల అవశేషాలు, బూజు, టీహెచ్‌సీ శాతం ప్రయోగశాలలో పరీక్షిస్తారు. జబ్బు నయం చేస్తుందా అన్నది ఎవరూ పరీక్షించి ముద్ర వేయరు. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం అపోహలు పోతాయి.

ఎయిడ్స్ రోగుల నుంచి మొదలైన కథ

రోగుల దుకాణం ముందు పుట్టింది, వినోదపు దుకాణం తర్వాత వచ్చింది. 1980ల చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్ రోగులు ఆకలి చచ్చి, తిన్నది నిలవక చిక్కిపోతుంటే గంజాయి వారికి ఆకలి పుట్టించడం చుట్టూ ఉన్నవాళ్లు గమనించారు. 1991లో ఆ నగర ఓటర్లు ప్రతిపాదన ‘పీ’ని పెద్ద మెజారిటీతో గెలిపించి, రోగులకు గంజాయి అందాలన్నారు. ఆ ఉద్యమంలో ముందున్న డెనిస్ పెరాన్ నడిపిన కొనుగోలుదారుల క్లబ్బే నేటి డిస్పెన్సరీలకు మాతృక. 1996 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 215కు ఓటేయడంతో రాష్ట్రస్థాయిలో వైద్య గంజాయి చట్టబద్ధమైంది.

ఆ చట్టానికీ ఫెడరల్ చట్టానికీ ఘర్షణ తప్పలేదు. 2005లో గొంజాలెస్ వర్సెస్ రెయిచ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, రాష్ట్రం అనుమతించినా సొంత వైద్యానికి ఇంట్లో పెంచుకున్న గంజాయి మీద కూడా ఫెడరల్ ప్రభుత్వం చర్య తీసుకోవచ్చని తీర్పునిచ్చింది. బ్యాంకులు ఈ వ్యాపారానికి దూరంగా ఉండటానికి, చాలా దుకాణాలు నగదు మీదే నడవటానికి మూలం ఈ ఘర్షణే. గంజాయిని మొదటి జాబితా నుంచి మూడో జాబితాకు మార్చాలని 2024 మేలో న్యాయశాఖ ప్రతిపాదించింది. జాబితా మారినంత మాత్రాన వినోదపు దుకాణాలు ఫెడరల్ చట్టం ముందు సక్రమమైపోవు.

వినోదానికి దారి కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2012 ఓటింగుతో తెరుచుకుంది. కొలరాడోలో 2014 జనవరి 1న మొదటి దుకాణాలు తెరిచారు. కాలిఫోర్నియాలో 2018 జనవరి 1న, ఇల్లినాయ్‌లో 2020 జనవరి 1న, తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న న్యూజెర్సీలో 2022 ఏప్రిల్ 21న అమ్మకాలు మొదలయ్యాయి. వినోదపు దుకాణం తెరవగానే రోగుల నమోదు పడిపోవడం చాలాచోట్ల కనిపించింది. ఒరెగాన్ ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. కార్డు కోసం రుసుము కట్టి, డాక్టరు చుట్టూ తిరిగే బదులు పక్క కౌంటరులో కొనుక్కోవడం తేలిక. దీనివల్ల నిజమైన రోగులకు నష్టం జరిగింది. వారికి కావలసిన తక్కువ మత్తు, ఎక్కువ సీబీడీ ఉన్న రకాలకు అరల్లో చోటు తగ్గింది. జబ్బుతో కొనేవారికంటే సరదాకు కొనేవారే ఎక్కువైనప్పుడు వ్యాపారి చూపు ఎటు తిరుగుతుందో చెప్పనక్కరలేదు.

టెక్సాస్ కథ వేరు. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్న ఆ రాష్ట్రంలో వినోదపు డిస్పెన్సరీకి అనుమతి లేదు. 2015లో తెచ్చిన కంపాషనేట్ యూజ్ కార్యక్రమం కింద కొన్ని జబ్బులకు, తక్కువ టీహెచ్‌సీ ఉన్న మందులకే దారి ఉంది.

వైద్యం దగ్గర తేలింది ఎంత

2017లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీలు అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ వడపోశాయి. పెద్దల్లో దీర్ఘకాలిక నొప్పి, కీమోథెరపీ తర్వాతి వాంతులు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాల బిగుతు: ఈ మూడింటికి గట్టి ఆధారం ఉందని చెప్పాయి. అదే నివేదిక, ఎక్కువగా వాడేవారిలో స్కిజోఫ్రీనియా వంటి మానసిక రుగ్మతల ముప్పు పెరుగుతుందని కూడా అంతే గట్టిగా చెప్పింది. ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే చెప్పుకోవడం న్యాయం కాదు. 2018 జూన్‌లో ఎఫ్‌డీఏ ‘ఎపిడియోలెక్స్’ను ఆమోదించింది. పిల్లల్లో వచ్చే డ్రావే, లెనాక్స్–గాస్టో అనే తీవ్రమైన మూర్ఛలకు వాడే ఆ మందు మొక్క నుంచి తీసిన శుద్ధ సీబీడీ. దాన్ని డాక్టరు చీటీ మీద మందుల దుకాణంలోనే కొనాలి. దానికి డిస్పెన్సరీతో పని లేదు.

ఇతర దేశాల్లో గీత ఎక్కడ గీశారు

కెనడా ఈ రెండు దారులను పూర్తిగా విడదీసింది. 2018 అక్టోబరు 17 నుంచి వినోదపు దుకాణాలు తెరిచింది, అయితే వైద్య గంజాయికి దుకాణమే పెట్టలేదు. డాక్టరు పత్రం ఉన్న రోగికి లైసెన్సున్న ఉత్పత్తిదారే పోస్టులో పంపుతాడు. జర్మనీలో రోగులకు 2017 మార్చి నుంచి ఫార్మసీల్లో దొరుకుతోంది. 2024 ఏప్రిల్ నుంచి పెద్దలు ఇంట్లో పెంచుకోవచ్చు, ఆ జులై నుంచి సభ్యుల క్లబ్బులు కూడా వచ్చాయి, వీధి దుకాణానికి మాత్రం అనుమతి లేదు. నెదర్లాండ్స్ కాఫీషాపుల్లో వ్యక్తికి 5 గ్రాముల వరకు అమ్మకాన్ని ఉపేక్షిస్తారు.

తెలుగువారికి దగ్గరి పాఠం థాయిలాండ్. 2018 చివర వైద్య వాడకాన్ని అనుమతించిన ఆ దేశం, 2022 జూన్‌లో గంజాయిని మత్తుపదార్థాల జాబితా నుంచే తీసేసింది. వైద్యం కోసమేనని ప్రభుత్వం అంటూనే ఉంది, ఈలోగా వేల దుకాణాలు సరదా పర్యాటకులకు అమ్మేశాయి. 2025 జూన్‌లో చివరికి చీటీ ఉంటేనే పువ్వు అమ్మాలని నిబంధన తెచ్చారు. తలుపు తెరిచి, తర్వాత గీత గీద్దామనుకుంటే ఏమవుతుందో ఆ మూడేళ్లు చూపించాయి. బ్యాంకాక్ విమానాల్లో వచ్చే, నీటిలో పెంచిన ‘హైడ్రోపోనిక్’ గంజాయిని శంషాబాద్, బెంగళూరు విమానాశ్రయాల్లో అధికారులు పదేపదే పట్టుకున్నారు.

తెలుగునేల మీద లైసెన్సు గంజాయి

లైసెన్సు ఉన్న గంజాయి దుకాణం మనకు కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1886 అబ్కారీ చట్టం కింద సారాతో పాటు గంజాయి అమ్మకం కూడా లైసెన్సుల ద్వారా సాగేది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చింది. డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్ దానికి అధ్యక్షుడు. మితంగా వాడితే పెద్దగా హాని లేదని, అతిగా వాడితే హాని ఉందని, నిషేధం కంటే పన్ను, లైసెన్సు, సాగు మీద అదుపు మేలని అది తేల్చింది. ప్రెసిడెన్సీలో గంజాయి పండిన ప్రాంతాల్లో ఒకటి నేటి బాపట్ల జిల్లాలోని దగ్గుబాడు, సంతరావూరు చుట్టుపక్కల పల్లెలు. ఆనాటి లైసెన్సు దుకాణం జబ్బు అడిగేది కాదు. సర్కారుకు కావలసింది రాబడి. నేటి మాటల్లో చెప్పాలంటే అది వినోదపు డిస్పెన్సరీయే.

వైద్యం దారి దానికి సమాంతరంగా వేరుగా నడిచింది. ఆయుర్వేదంలో గంజాయి ఆకును విజయ అంటారు. జాతీఫలాది చూర్ణం, మదనకామేశ్వరీ లేహ్యం వంటి యోగాల్లో దాన్ని శుద్ధిచేసి కలుపుతారు. 1839లో కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేస్తున్న విలియం బ్రూక్ ఓషానెస్సీ ఇక్కడి వైద్యుల వాడకాన్ని చూసి, ధనుర్వాతం, పసిపిల్లల మూర్ఛల్లో ప్రయోగించి రాసిన వ్యాసమే పాశ్చాత్య వైద్యానికి గంజాయిని పరిచయం చేసింది. పసిపిల్లల మూర్ఛకు ఎపిడియోలెక్స్ వచ్చింది దాదాపు 180 ఏళ్ల తర్వాత.

మాదకద్రవ్యాల మీద ఐక్యరాజ్యసమితి 1961 నాటి ఏకైక ఒప్పందం గంజాయి వైద్యేతర వాడకాన్ని 25 ఏళ్లలో ఆపాలని దేశాలను కోరింది. మాదకద్రవ్యాల నియంత్రణకు భారత్ 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చింది, ఆ ఏడాది నవంబరు 14 నుంచి అది అమల్లో ఉంది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని ఆ ఒప్పందంలోని అత్యంత కఠినమైన నాలుగో జాబితా నుంచి 27–25 ఓట్లతో తీసేసినప్పుడు భారత్ అనుకూలంగానే ఓటు వేసింది. వైద్య విలువను గుర్తించిన ఆ ఓటు వల్ల దేశంలో అమ్మకం మీద నిషేధం సడలలేదు.

ముదిగుబ్బలో చట్టం ఏమంటుంది

ఎన్‌డీపీఎస్ చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూతా కాయా ఉన్న చివరి భాగాలు. వాటితో కలవని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. అందుకే ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో సర్కారు లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఆనవాయితీ లేదు. గంజాయి కిలో లోపు దొరికితే ఏడాది వరకు కఠిన జైలు, 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు, లక్ష నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ఆ మధ్య పరిమాణానికి పదేళ్ల వరకు. మొక్క పెంచినా పదేళ్ల వరకు శిక్ష ఉంటుంది. తాగితే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా. వేరుశనగ, కంది చేల మధ్య ఎవరో నాలుగు మొక్కలు వేశారని తెలిసిన భూయజమాని సెక్షన్ 46 కింద వెంటనే అధికారులకు చెప్పాలి. గ్రామాధికారులకు సెక్షన్ 47 కింద అదే బాధ్యత ఉంది.

ఇక్కడి రైతు ఒక అనుమానం తీర్చుకోవాలి. గోగు ఆకు చీలికలు గంజాయి ఆకును పోలి ఉంటాయి, దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్ అయింది అందుకే. జనుము పప్పుజాతి మొక్క. ఈ రెంటికీ గంజాయితో సంబంధం లేదు, చట్టం వీటి జోలికి రాదు.

వైద్యం దారి ఇక్కడ పూర్తిగా మూసుకోలేదు. సెక్షన్ 8 వైద్య, శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఇచ్చింది. విజయ కలిసిన ఆయుర్వేద మందులు ఔషధ నియమాల్లోని షెడ్యూల్ ఈ(1) కిందికి వస్తాయి. లైసెన్సున్న సంస్థ తయారుచేయాలి, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉండాలి. అలాంటి మందులు సూచించే ఒక క్లినిక్ 2020లో బెంగళూరు కోరమంగళలో మొదలైంది. ముదిగుబ్బ వాసికి చట్టబద్ధంగా అందే ‘వైద్య గంజాయి’ ఇదే: అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యుడు, లైసెన్సున్న మందు, బిల్లు. చిలుములో పెట్టి పీల్చేదేదీ ఈ కోవలోకి రాదు. నార, దుస్తుల కోసం పెంచే గంజాయి మొక్కలో తక్కువ టీహెచ్‌సీ రకాలకు ఉత్తరాఖండ్ 2018లో అనుమతి ఇచ్చింది. ఆ గింజలను, గింజల నూనెను ఆహారంగా అమ్మడానికి 2021 నవంబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణాలు ప్రకటించింది. అవి మత్తు ఇవ్వవు.

ఆంధ్రప్రదేశ్‌లో అక్రమ గంజాయికి విశాఖ మన్యం పుట్టిల్లయింది. అక్కడి ‘శీలావతి’ రకం బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల దాకా పోతోంది. 2021 చివర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘ఈగల్’ అనే ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసింది. ఈ అక్రమ గంజాయికి ప్రయోగశాల పరీక్ష లేదు, మోతాదు లేదు, వయసు అడిగేవాడూ లేడు. అమెరికా దుకాణాన్ని చూపించి దీన్ని సమర్థించడం ఎక్కడా పొసగదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు

ఎఫ్–1 విద్యార్థికి, హెచ్–1బీ ఉద్యోగికి రాష్ట్ర చట్టం రక్షణ కాదు. వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం మూడూ ఫెడరల్ చట్టం చేతిలో ఉన్నాయి. గంజాయి కొన్నానని, వాడానని విమానాశ్రయంలోనో ఇంటర్వ్యూలోనో ఒప్పుకున్నా దేశంలోకి రానివ్వకపోవచ్చు. 30 గ్రాముల లోపు సొంత వాడకం కోసం ఉంచుకున్న ఒక్క కేసుకు దేశబహిష్కరణ నుంచి మినహాయింపు ఉన్నా, తిరిగి దేశంలో అడుగుపెట్టేటప్పుడు ఆ మినహాయింపు పనికిరాదు. డిస్పెన్సరీలో చేసిన ఉద్యోగం కూడా పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు కావచ్చని అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. రోగి కార్డు రక్షిస్తుందనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. అమెరికా పౌరుడు కాని తెలుగువాడికి ఆ కార్డు తన పేరుతో తానే ఇచ్చుకున్న సాక్ష్యంగా మారగలదు. నిజంగా జబ్బుంటే ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని, ఆ తర్వాత డాక్టరును కలవాలి. అక్కడ కొన్న గమ్మీలు, నూనెలు సామానులో పెట్టుకుని బెంగళూరులో దిగితే ఎన్‌డీపీఎస్ కేసు తప్పదు.

ఇక ముదిగుబ్బ చుట్టుపక్కల ఇప్పటికే గంజాయికి అలవాటు పడినవారు భయపడి దాక్కోనక్కరలేదు. వాడకం కేసులో గానీ కొద్ది పరిమాణం కేసులో గానీ చిక్కిన వ్యసనపరుడు తానై ముందుకొచ్చి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పూర్తిచేస్తే, సెక్షన్ 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోతుంది. చికిత్స సలహాకు జాతీయ ఉచిత నంబరు 14446. అక్రమ సాగు, అమ్మకం గురించి ఈగల్ దళానికి చెప్పాలంటే 1972.